ఒలింపస్ కొండ దేవతలు

ప్రశ్న: మన స్వామి శేషాచలం మీద కొలువైనట్లే గ్రీకు దేవతలు కూడా కొండపైనే ఉండేవారట. వారెవరో తెలుపగలరా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: సుమారు 2,900 మీటర్ల ఎత్తున్న ఒలింపస్ పర్వతమే తమ దేవతల నివాసమని, పిడుగును ఆయుధంగా ధరించిన జ్యూస్ వారికి రాజని గ్రీకులు నమ్మేవారు. పుట్టిన బిడ్డను పుట్టినట్లే మింగుతున్న తండ్రి క్రోనస్‌కు, తల్లి రియా పొత్తిగుడ్డలో చుట్టిన రాయినిచ్చి జ్యూస్‌ను దాచిందట. కంసుని కథ గుర్తుకు రాక మానదు. జ్యూస్ పెద్దవాడై, తండ్రి మింగిన తోబుట్టువులను కక్కించి, అతన్ని గెలిచాక, అన్నదమ్ములు చీట్లు వేసుకోగా ఆకాశం అతనికి, సముద్రం పొసైడన్‌కు, పాతాళం హేడీస్‌కు దక్కాయి. క్రోనస్ మింగి కక్కిన రాయి ఇదేనని చెప్పే ఒక చిన్న రాతికి డెల్ఫీ క్షేత్రంలో, మన అభిషేకంలాగే, రోజూ ఆలివ్ నూనె పోసేవారని, పండుగనాడు వడకని ఉన్ని కప్పేవారని క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు.