లేజర్ ఎన్‌గ్రేవర్ కోసం విండోస్ కంప్యూటరు కొనాలా?

ఇంట్లో లినక్స్ కంప్యూటరు ఒక్కటే ఉందనీ, కొత్తగా కొన్న లేజర్ ఎన్‌గ్రేవర్‌తో (లేజర్ కాంతితో చెక్క వంటివాటి మీద అక్షరాలు, బొమ్మలు చెక్కే యంత్రంతో) వచ్చిన సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదనీ, “మీ సిస్టమ్ దీనికి సరిపడదు” అని అమ్మినవారు చేతులెత్తేశారనీ, ఇప్పుడు ఇంకో లాప్‌టాప్ కొనక తప్పదా అనీ ప్రశ్న అడిగినవారు రాశారు. కొననక్కరలేదు. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మా ఫ్లాట్‌లో, బాల్కనీని ఆనుకొని ఉన్న చిన్న గదిలో, అలాంటి యంత్రాన్నే కొన్నేళ్ళుగా ఉబుంటు అనే లినక్స్ రకం వేసిన పాత లాప్‌టాప్‌తో నడుపుతున్నాను. దాని కోసం విండోస్ మీద నేను ఒక్క రూపాయి కూడా పెట్టలేదు, మీరూ పెట్టవద్దు.

అసలు మీ కంప్యూటరులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో తెలుసుకొనే మార్గమే ఆ యంత్రానికి లేదు. ఇళ్ళలో వాడే నీలికాంతి డయోడ్ లేజర్లలో చాలావాటిలో, యంత్రాన్ని కదిలించే ఎలక్ట్రానిక్ బోర్డు మీద నడిచేది జీఆర్‌బీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, లేదా దాని నుంచి పుట్టిన మరొక రూపం. నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కాగ్‌స్రుడ్ 2009లో దాన్ని మొదలుపెట్టారు. అది ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు మీద నడుస్తుంది; ఆ చిప్పులో ప్రోగ్రాముకు దక్కే చోటు 32 కిలోబైట్లు, లెక్కలు చేసుకోవడానికి విడిగా ఉండేది 2 కిలోబైట్లు. అంత ఇరుకులో ఇమిడిన ప్రోగ్రాము మన నుంచి కోరేది మామూలు అక్షరాలతో రాసిన జీ-కోడ్ వరుసలను మాత్రమే: ఫలానా చోటికి ఫలానా వేగంతో వెళ్ళు, దారి పొడవునా లేజర్‌ను ఇంత శక్తితో వెలిగించు. ఆ వరుసలు యూఎస్‌బీ తీగలో సాధారణంగా సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో, అంటే సుమారు 11,500 అక్షరాల చొప్పున పోతాయి. ఫొటో చెక్కడం వంటి భారీ పనికి కూడా, నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగంలో మిల్లీమీటరుకు పది చుక్కలు వేసినా, సెకనుకు 500 ఆదేశాలకు మించవు. ఈ మాత్రం పనిని పదేళ్ళ నాటి లాప్‌టాప్ కూడా చేయగలదు. అందుకే “సరిపడదు” అనే మాట అమ్మినవారి కరపత్రానికి సంబంధించినదే తప్ప యంత్రానికి సంబంధించినది కాదని నా గట్టి నమ్మకం. లేజర్‌జీఆర్‌బీఎల్ అనే ప్రసిద్ధ ప్రోగ్రాము విండోస్‌కే పరిమితమన్నది నిజమే. కానీ అది ఆ వరుసలను పంపే సాధనాలలో ఒకటి మాత్రమే.

లినక్స్‌లో బొమ్మను ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల ప్రోగ్రాములో గీసి, దానిలోని జీ-కోడ్ ఎక్స్‌టెన్షన్‌తో ఫైలు తయారుచేసి, జావా మీద నడిచే యూనివర్సల్ జీకోడ్ సెండర్‌తో పంపిస్తే పని అయిపోతుంది. మొదటిసారి తీగ తగిలించినప్పుడు పోర్టు తెరవడానికి అనుమతి లేదని వస్తే కంగారు పడకండి. మీ యూజరు పేరును డయలౌట్ అనే గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లోపలికి వస్తే ఆ అడ్డు తొలగుతుంది. ఆ తరువాత బోర్డు అమరికలలో రెండింటిని చూసుకోవాలి. $32 విలువ 1 అయితేనే లేజర్ పద్ధతి అమలులో ఉన్నట్టు. $30లో ఉన్న గరిష్ఠ సంఖ్యా, మీ సాఫ్ట్‌వేర్ పూర్తి శక్తి అనుకొనే సంఖ్యా ఒకటే కావాలి. బోర్డులో 1000 ఉండి, సాఫ్ట్‌వేర్ 255 వరకే పంపితే, లేజర్ తన శక్తిలో నాలుగో వంతు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు చెక్క మీద గీత సరిగా పడకపోతే చాలామంది లేజర్ పాడైందనుకొని తిప్పి పంపేస్తున్నారు.

లినక్స్‌లో నిజంగా చిక్కు ఎక్కడ వస్తుందో ఒక రాత్రి బాగా తెలిసింది. వైట్‌ఫీల్డ్‌లో మా మరదలు వాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశం తెల్లవారుజామున. గుమ్మం పక్కన పెట్టే టేకు పలక మీద “శ్రీ లక్ష్మీ నిలయం” అని చెక్కే పని నాది. సిస్టమ్‌ను ఉబుంటు 22.04కు మార్చిన తరువాత యంత్రంతో చేస్తున్న మొదటి పని అదే. తీగ తగిలించగానే పోర్టు పేరు తెర మీద కనిపించి, మరుక్షణమే మాయమైంది. తీగ మార్చినా, వేరే పోర్టులో పెట్టినా అదే తంతు. అప్పుడు మా బావమరిది, “బావా, నా లాప్‌టాప్‌లో విండోస్ ఉంది, పది నిమిషాల్లో అయిపోతుంది, ఇంకా ఆ లినక్స్‌తో ఎందుకు కుస్తీ పడతావు?” అని తన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. యంత్రంతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను అందులో వేశాం. యంత్రాన్ని అది వెంటనే గుర్తుపట్టింది కూడా. కానీ ఇంటి పేరు టైపు చేయగానే “క్ష్మీ” అనే అక్షరం మూడు ముక్కలైంది. క్, ష్ పొల్లులతో విడివిడిగా నిలబడ్డాయి, వాటి పక్కన మీ ఒంటరిగా మిగిలింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారికి వత్తు అనేది ఒకటి ఉంటుందన్న స్పృహే లేదు. అలాంటి పలకను గుమ్మానికి ఎలా తగిలిస్తాం?

నేను మళ్ళీ నా కంప్యూటరు ముందు కూర్చొని కెర్నెల్ (లినక్స్ మూల భాగం) రాసుకొనే సందేశాలు చదివాను. కారణం అందులోనే స్పష్టంగా ఉంది: బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాము ఆ పోర్టును తన అధీనంలోకి తీసుకుంటోంది. చూపు లేనివారు వాడే బ్రెయిలీ పరికరాలను కంప్యూటరుకు కలిపే ప్రోగ్రాము అది, ఎంతో అవసరమైనది. ఎన్‌గ్రేవర్ బోర్డుల మీద ఉండే సీహెచ్340 అనే చవక చిప్పు గుర్తింపు సంఖ్యా, ఒక బ్రెయిలీ పరికరం గుర్తింపు సంఖ్యా ఒకటే కావడంతో, నా యంత్రాన్ని అది బ్రెయిలీ పరికరమనుకొని పట్టుకుంటోంది. ఇంట్లో బ్రెయిలీ పరికరం వాడేవారు లేకపోతే ఆ ప్యాకేజీని తీసేయవచ్చు. ఉంటే, లేదా నాలాగా తీసేయడం ఇష్టం లేకపోతే, దాని యూడెవ్ నియమాలలో (ఏ పరికరం తగిలిస్తే ఏం చేయాలో లినక్స్‌కు చెప్పే ఫైలులో) ఆ చిప్పు గుర్తింపు సంఖ్యలైన 1ఏ86, 7523 ఉన్న ఒక్క వరుసను పనిచేయకుండా చేస్తే చాలు. అలా చేసి తీగ మళ్ళీ తగిలించగానే పోర్టు నిలబడింది, జీఆర్‌బీఎల్ తన వెర్షను పేరుతో పలికింది. పొగ మరకలు పడకుండా పలకకు మాస్కింగ్ టేపు అంటించి చెక్కడం మొదలుపెట్టాం. ముహూర్తానికి ముందే పలక వైట్‌ఫీల్డ్ చేరింది.

తెలుగు అక్షరాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో పేరు పలకలు చేయించుకొనే మన వాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. మండలి, రామభద్ర, సురవరం వంటి ఉచిత ఖతులు (ఫాంట్లు) ఉన్నాయి. చెక్కడానికి నేను రామభద్ర వైపే మొగ్గుతాను, లావు గీతలు కాబట్టి చెక్కిన తరువాత దూరం నుంచి కూడా చదవగలం. టైపు చేసిన తరువాత ఆ పాఠాన్ని తప్పనిసరిగా పాత్‌గా మార్చాలి. అప్పుడు అది అక్షరం కాక గీతల రూపమవుతుంది కాబట్టి, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా విడగొట్టలేదు. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత ఖతులతో ఫైలు చేసి ఇస్తుంటారు. ఆ ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే ఇంటి పేరు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. షాపువాళ్ళను గీతల రూపంలో ఎస్‌వీజీ ఫైలు ఇమ్మని అడగండి, ఇవ్వడానికి మొహమాటపడితే వేరే షాపుకు వెళ్ళండి.

అలా వచ్చిన ఫైలు కొలతలను కూడా నమ్మవద్దు. 2017లో వచ్చిన ఇంక్‌స్కేప్ 0.92తో అంగుళానికి 90 చుక్కల లెక్క 96 అయింది. ఒక సాఫ్ట్‌వేర్ కొత్త లెక్కలో గీసి, ఇంకొకటి పాత లెక్కలో చదివితే 300 మిల్లీమీటర్ల పలక 320 అవుతుంది, చివరి అక్షరం చెక్క దాటి బల్ల మీద పడుతుంది. కాబట్టి 100 మిల్లీమీటర్ల చతురస్రం ఒకటి ముందుగా అట్టముక్క మీద గీయించి, స్కేలుతో కొలిచిన తరువాతే అసలు చెక్కను పెట్టాలి.

లినక్స్ లోపలే వర్చువల్ మిషన్‌లో, అంటే కంప్యూటరు లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటరులో, విండోస్ పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. అది నడుస్తుంది కానీ, తీగకూ యంత్రానికీ మధ్య ఇంకొక పొరను ఎందుకు పెట్టుకోవాలో నాకు అర్థం కాదు. గంటసేపు సాగే పనిలో ఆ పొర ఒక్కసారి తడబడితే చెక్క పాడవుతుంది. మీరు ఏ సిస్టమ్ వాడినా, చెక్కుతున్నంతసేపు లాప్‌టాప్ నిద్రలోకి పోకుండా చూసుకోండి. కంప్యూటరు ఆగిపోతే బోర్డుకు వరుసలు అందవు, యంత్రం ఉన్నచోటే నిలిచిపోతుంది. ఆ సమయంలో లేజర్ ఎం3 అనే ఆదేశంతో వెలుగుతూ ఉంటే, కదలిక లేకపోయినా ఒకేచోట మండిస్తూనే ఉంటుంది; ఎం4 అయితే కదలిక ఆగగానే తానూ ఆరిపోతుంది. జీ-కోడ్ తయారుచేసే చోట ఎం4ను ఎంచుకోమని నేను పట్టుబట్టి చెబుతాను. ఇంటికి నిప్పంటుకొనే ప్రమాదం ఇక్కడే ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్‌లో లేదు. యంత్రాన్ని వదిలి పక్క గదిలోకి కూడా వెళ్ళకూడదు, ఆ కాంతికి తగిన కళ్ళద్దాలు లేకుండా దగ్గర నిలబడకూడదు, రెక్సిన్ వంటి పీవీసీ ముక్కలను దాని కింద ఎన్నటికీ పెట్టకూడదు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది ఊపిరితిత్తులనూ, యంత్రం ఇనుమునూ కూడా తినేస్తుంది.

కొనేటప్పుడు అందరూ వాట్ల గురించే అడుగుతారు, అమ్మేవారు కూడా 40 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అది చాలాసార్లు యంత్రం లాగే కరెంటు లెక్క. చెక్క మీద పడే కాంతి శక్తి 5 వాట్ల చుట్టుపక్కలే ఉండవచ్చు. సుమారు 450 నానోమీటర్ల నీలికాంతి పారదర్శకమైన ఆక్రిలిక్ గుండా దాటిపోతుంది కాబట్టి, వాట్లు ఎన్ని ఉన్నా దాన్ని నేరుగా చెక్కలేదు. ఈ వివరాలు చెప్పకుండా, సాఫ్ట్‌వేర్ మాత్రం విండోస్‌కే అని చెప్పి పంపించడం కొనేవారికి చేస్తున్న అన్యాయమే. అడగవలసిన మొదటి ప్రశ్న బోర్డు ఏదని.

మీ యంత్రం విషయంలో నా సమాధానం మారే సందర్భం ఒకటుంది. అది డయోడ్ లేజర్ కాక, కే40 అని పిలిచే కార్బన్ డయాక్సైడ్ గొట్టం రకమై, లోపల ఎం2 నానో బోర్డు ఉంటే, అది జీ-కోడ్ చదవదు. దానికి సొంత భాష ఉంది, దానితో వచ్చే సాఫ్ట్‌వేర్ ఒక యూఎస్‌బీ తాళం లేకుండా తెరుచుకోదు. అప్పుడు కూడా విండోస్ అవసరం లేదు. కే40 విస్పరర్, మీర్‌కే40టి అనే రెండు స్వేచ్ఛా ప్రోగ్రాములు లినక్స్ నుంచే ఆ బోర్డుతో మాట్లాడతాయి, ఆ తాళాన్ని అడగవు. ఇంకా పెద్ద యంత్రాలలో రుయిడా అనే మరో రకం కంట్రోలరు బోర్డు ఉంటే ఫైలు రూపం వేరు, ఆ దారీ వేరు. కాబట్టి కరెంటు ప్లగ్గు తీసి, మూత విప్పి, బోర్డు మీద అచ్చయిన పేరు ఏమిటో చూసి ఈ సమాధానం కింద రాయండి. దానికి ఏ ప్రోగ్రాము వేయాలో, ఏ అమరికలు మార్చాలో వరుసగా చెబుతాను.