ఫార్మాట్ కొట్టే ముందు, చిన్నా

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "తమ్ముడూ, వాడి కంప్యూటరు ఆట మధ్యలో ఠపీమని ఆగిపోతోందట. ఆదివారం వాడే విప్పి బాగుచేసుకుంటాడట. విండోస్ కూడా కొత్తగా వేసేస్తాడట" అంది. విప్పుతావన్నప్పుడు గర్వమేసింది. ఆరేళ్లప్పుడు తెనాలిలో నా కొట్లో స్టూలెక్కి కూర్చుని కింద పడ్డ స్క్రూలు డబ్బాలో వేసేవాడివి గుర్తుందా? విండోస్ వేస్తాడన్న మాట దగ్గర మాత్రం నాకు నిద్ర పోయింది. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

ముందు నాకో సంగతి చెప్పు. "క్రాష్ అవుతోంది" అంటావు, ఎలా అవుతోంది? కడుపునొప్పి అంటే డాక్టరు ఎక్కడా అని అడగడూ? ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తోందంటే కేబినెట్ జోలికే వెళ్లకు. ఆట ఫైళ్లు వెరిఫై చేయించు, గ్రాఫిక్ డ్రైవర్ పూర్తిగా తీసేసి మళ్లీ వెయ్యి, ఆ రంగురంగుల లైట్ల సాఫ్ట్‌వేరూ ఆట మీద అంకెలు చూపించే ఓవర్లేలూ ఆపి ఆడి చూడు. నీలం తెర వస్తే కంగారుపడి బటన్ నొక్కెయ్యకు, ఫోనుతో ఫోటో తియ్యి. స్టాప్ కోడ్ ఉంటుంది, ఒక్కోసారి డాట్ సిస్‌తో ముగిసే ఫైలు పేరు కూడా ఉంటుంది. దొంగ తన పేరు రాసి వెళ్లినట్టే అది. ఏ మాటా లేకుండా నల్లబడి రీస్టార్ట్ అయితే మాత్రం కరెంటు, వేడి, ర్యామ్, ఈ మూడింటి చుట్టూ తిరగాలి.

విండోస్ తనలో జరిగిన తప్పులన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది. అది చూసి దొరికిపోయిందని ఎగరకు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం. మనిషి పోయాడని చెబుతుంది, ఎందుకు పోయాడో చెప్పదు. అంతకు ముందు ఏం రాసుందో చూడు. వీయా లాగర్ (WHEA-Logger) అని కనిపిస్తే అది హార్డ్‌వేర్ ఏడుపు. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని కొడితే రోజువారీ పట్టిక వస్తుంది, అందులో ఎప్పటినుంచి మొదలైందో తెలుస్తుంది. ఆ రోజు నువ్వేం కొత్తది వేశావో గుర్తు తెచ్చుకో.

నాకు మొదటి అనుమానం మాత్రం నీ రూములో ఉన్న ఆ 600 వీఏ యూపీఎస్ మీద. మీ నాన్న ఆఫీసు కంప్యూటరుకి కొన్నది కదా అది? 600 వీఏ అని డబ్బా మీద ఉంటుంది కానీ అలాంటివి మోసేది సుమారు 360 వాట్లే. సినిమా చూస్తున్నంతసేపూ నీ మెషీన్ బుద్ధిగానే ఉంటుంది. ఆట మొదలైందా, ప్రాసెసరూ గ్రాఫిక్ కార్డూ కలిసి మూడింతలు తాగుతాయి. కార్డు అయితే కొన్ని మిల్లీసెకన్ల పాటు ఇంకా పైకి ఎగబాకుతుంది. పైగా మానిటర్ కూడా దానికే తగిలించావు. ఒక్క సాయంత్రం యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి ఆడు. ఆగకపోతే స్క్రూడ్రైవర్ అవసరమే లేదు. గ్రాఫిక్ కార్డుకి రెండు పవర్ సాకెట్లుంటే ఎస్ఎంపీఎస్ నుంచి, అదే కేబినెట్ లోపల అన్నిటికీ కరెంటిచ్చే డబ్బా నుంచి, రెండు వేరు వేరు వైర్లు లాగు. ఒకే వైరుకి రెండు కొసలున్నాయి కదా అని దాన్నే రెండింటికీ తగిలించకు.

గోడ ప్లగ్గు అన్నాను కాబట్టి అడుగుతున్నా, కేబినెట్‌కి చెయ్యి తగిలినప్పుడు ఎప్పుడైనా జివ్వుమందా? అయితే ఆ రూములో ఎర్తింగ్ లేదు. ఓనరుకి చెప్పు, మొహమాటపడకు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల బోర్డులో పెట్టుకోవడానికి అమ్మే ఆ కన్వర్టర్ నీ దగ్గరుంటే ఈ ఉత్తరం చదవడం ఆపి వెళ్లి చెత్తబుట్టలో పడేసి రా.

దుమ్ము సంగతి నీకు తెలిసిందే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, వదిలేస్తే పిచ్చిగా తిరిగి పాడవుతుంది. పక్క డోర్ తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టి ఓ గంట ఆడు. అప్పుడు ఆగకపోతే గొడవ వేడిదే. విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర, బయాస్‌లో, ర్యామ్‌ని మామూలు కంటే వేగంగా పరిగెత్తించే ఎక్స్ఎంపీ పెట్టావేమో, అది తీసేసి చూడు. రెండు స్టిక్కులుంటే ఒక్కోదానితో ఆడు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపించు. ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే, ఒకటే కదా అని సరిపెట్టుకోకు.

ప్రాసెసర్లు పాడవవని నీ రూమ్మేటు అన్నాడట. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆటలాడేవాళ్లకి ఇదే గోల. చివరికి కంపెనీయే ఒప్పుకుని బయాస్ అప్‌డేట్‌తో ప్రాసెసర్ని లోపల నడిపించే మైక్రోకోడ్ మార్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. నీది ఏఎండీ వాళ్ల రైజెన్ కాబట్టి ఆ తలనొప్పి నీకు లేదు. వాడిది ఏదో కనుక్కో.

ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకు. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టుల పైన నిలవుండొచ్చు. ఇందులో బేరాల్లేవు.

ఇక అసలు సంగతికి వస్తా. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలీదు.

2005. కొట్టు పెట్టి రెండేళ్లు. ఊళ్లో నాకంటే తోపు మెకానిక్ లేడనుకునే రోజులు. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన రిక్షాలో సిస్టమ్ పెట్టుకుని వచ్చారు. పెంటియం 4, ఎక్స్‌పీ. మనవడు కౌంటర్ స్ట్రైక్ ఆడుతుంటే పావుగంటకోసారి రీస్టార్ట్ అవుతోందట. నేను కేబినెట్ మూత కూడా తియ్యలేదురా. "వైరస్ మాస్టారూ, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నా. అప్పట్లో మా అందరి దగ్గరా ఘోస్ట్ సీడీ ఉండేది. గంటన్నర పట్టే విండోస్ పది నిమిషాల్లో పడిపోయేది. అందులో లోకల్ అని నొక్కితే డిస్క్, పార్టిషన్ అని ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పార్టిషన్ నొక్కితే సి డ్రైవ్ ఒక్కటే మారుతుంది. నేను ఫోన్లో ఎవరితోనో బేరమాడుతూ డిస్క్ నొక్కాను. నిజంగా చెయ్యాలా అని అది అడిగింది కూడా. ఎస్ కొట్టాను.

అయ్యాక మై కంప్యూటర్ తెరిస్తే ఒక్క సి డ్రైవే ఉంది. డి లేదు, ఇ లేదు. తెర మీద ఆ విండోని మూసి మళ్లీ తెరిచా. మళ్లీ మూసి మళ్లీ తెరిచా.

డి డ్రైవ్‌లో మాస్టారి వాళ్లమ్మగారి పాటలున్నాయి. పెళ్లి పాటలు, మంగళహారతులు, లాలిపాటలు నలభై పైచిలుకు. ఆవిడ మంచాన ఉన్నప్పుడు మనవడు హెడ్‌ఫోన్ మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టి రికార్డు చేశాడట. ఆవిడ పోయి అప్పటికి రెండు నెలలు. మూడు రాత్రులు రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని కూర్చున్నా. కొత్త విండోస్ వాటి నెత్తిన పడింది కదా, పేర్లు చాలా దొరికాయి, మోగినవి మూడు.

తిడితే బాగుండేది. ఆయన స్టూల్ మీద కూర్చుని "ఆ మూడూ ఒకసారి పెట్టు అబ్బాయ్" అన్నారు. మూడోది సగంలో గరగరమని ఆగిపోయింది. ఆగిన చోటు నుంచి ఆయనే మెల్లగా పాడి పూర్తి చేశారు. నేను కౌంటర్ వెనక్కి వెళ్లి ఏదో వెతుకుతున్నట్టు నటించా.

అంతకంటే పెద్ద దెబ్బ ఆ మర్నాడు తగిలింది. మనవడు సైకిలేసుకుని వచ్చాడు. "అంకుల్, మళ్లీ ఆగిపోతోంది." అప్పుడు మూత తీశా. టార్చి వేస్తే ప్రాసెసర్ పక్కన నాలుగు కెపాసిటర్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి, ఒకదాని నెత్తిన గోధుమరంగు చెక్కు కట్టింది. మార్చడానికి వంద రూపాయలు కూడా కాలేదు. ముందు రోజు ఆ మూత తీసుంటే సరిపోయేది.

అందుకే నీకు ఫార్మాట్ అన్న మాట చివర్న, అన్నీ చూశాక, నాకు చెప్పాక. వేసేటప్పుడు కూడా డేటా ఉన్న డిస్కు కేబుల్ పీకేసి వెయ్యి. అది తగిలి లేకపోతే వేలు జారినా భయం లేదు. నన్ను చాదస్తుడనుకుంటావేమో, అనుకో.

నీ డి డ్రైవ్‌లో అమ్మమ్మ వీడియోలున్నాయి కదా. సంక్రాంతికి నువ్వు తీసినవి. పంపిస్తా మావయ్యా అని మార్చి నుంచి అంటున్నావు, వెధవా. నా దగ్గర మా అమ్మ గొంతు ఒక్క ముక్క కూడా లేదు. ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడినా రికార్డు చేసుకోవాలని తోచలేదు. శనివారం లోపల రెండు పెన్‌డ్రైవ్‌లలో వెయ్యి, ఒకటి నీ దగ్గర ఉంచుకుని రెండోది మీ అమ్మకివ్వు. నాకు ఫోనులోనే పంపు, ఎంత పెద్దవైనా సరే. రోట్లో గోంగూర నూరుతూ "ఫోను పక్కన పెట్టి రెండు మిరపకాయలు అందుకోరా" అని నిన్ను కసిరేది ఉంది చూడు, అది ముందు పంపు.

ఆదివారం మూత తీసేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. కొట్టు పదింటికే తీస్తా.

మీ మావయ్య