గృహప్రవేశం ఫోటోల్లో నేను లేను

ప్రశ్న: మేడమ్, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాకు 36 ఏళ్లు. మా వారికి బట్టల షాపు ఉంది. అమ్మాయి తొమ్మిదో తరగతి, బాబు ఐదో తరగతి. మధ్యాహ్నం పని అయ్యాక ఫోన్ పట్టుకుంటే సాయంత్రం అయిపోతుంది. రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ పట్టుకుంటే ఒంటిగంట దాటుతుంది. విశాఖలో ఉన్న మా తోటికోడలు స్టేటస్ పెడితే చూడకుండా ఉండలేను, చూశాక నిద్ర పట్టదు. వాళ్ల గృహప్రవేశానికి రెండు రోజుల ముందే వెళ్లి వంట పనంతా నెత్తిన వేసుకున్నాను. ఆమె పెట్టిన నలభై ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నేను లేను. అప్పటి నుంచి తనతో మాట్లాడడం లేదు. నేను ఫోటో పెడితే ఎవరెవరు చూశారో పది నిమిషాలకోసారి లెక్కపెట్టుకుంటాను. రెండుసార్లు యాప్‌లు తీసేసి, నాలుగు రోజుల్లోనే మళ్లీ వేసుకున్నాను. మా వారు ఫోన్ పగలగొడతానంటున్నారు. కానీ మా వీధిలో తెలుగు ఇళ్లు తగ్గిపోయాయి. ఫోన్ లేకపోతే నాకు తెలుగులో నాలుగు ముక్కలు చదివే దారి కూడా ఉండదు. అమ్మాయి కూడా నాలాగే తయారవుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నలభై ఫోటోల సంగతి మాట్లాడుకుందాం అమ్మా. ఉత్తరంలో మీరు దానికి మూడు వాక్యాలే రాశారు కానీ, మీ నిద్ర పోయింది అక్కడేనని నాకు అనిపిస్తోంది. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి తన ముఖం ఒక్క ఫోటోలోనూ కనపడకపోతే బాధగానే ఉంటుంది. చిన్న విషయానికి ఇంత బాధేమిటని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అయితే ఒకటి గుర్తు చేసుకోండి. ఫోటోలు తీసే మనుషులు హాల్లోనూ పూజ దగ్గరా తిరుగుతారు. వంటగదిలోకి వచ్చి, పులిహోర కలుపుతున్న చేతులను ఫోటో తీసేవాళ్లు తక్కువ. మీ తోటికోడలు కావాలని మిమ్మల్ని వదిలేసిందో, తన హడావుడిలో గమనించలేదో ఆ ఫోటోలు చూసి తేల్చలేం. ఆమెను అడిగితే తప్ప తెలియదు. మీరు అడగలేదు. అడగకుండా ప్రతి కొత్త స్టేటస్‌లోనూ జవాబు వెతుకుతున్నారు. ఆమె కొత్త సోఫా ఫోటో పెట్టినా, అది మిమ్మల్ని ఉద్దేశించి పెట్టినట్టే తోస్తోంది కదా?

ఇక యాప్‌లు తీసేసి మళ్లీ వేసుకోవడం గురించి. అది మీ మనసు గట్టిది కాకపోవడం వల్ల జరిగిందని అనుకోకండి. పేపర్ చదివితే చివరి పేజీ వస్తుంది, సీరియల్‌కి ‘రేపటి భాగంలో’ వస్తుంది. ఫోన్‌లో వేలితో పైకి తోస్తూ ఉంటే అడుగన్నది తగలదు. ఇలా ఆగకుండా వచ్చే పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ తయారు చేశారు. అది మనుషుల సమయాన్ని ఎంత తినేస్తోందో చూశాక ఆయనే తర్వాత బహిరంగంగా బాధపడ్డారు. దీనికి తోడు, ఎప్పుడు ఏం దొరుకుతుందో తెలియకపోవడం ఒకటి ఉంది. పది రీల్స్ చప్పగా ఉంటాయి, పదకొండోది కడుపుబ్బ నవ్విస్తుంది. ఒక ఫోటోను ముగ్గురే చూస్తారు, ఇంకోదానికి ఎప్పుడూ పలకరించని పెద్దమ్మ కూతురు ఎర్ర గుండె బొమ్మ పెడుతుంది. వస్తుందో రాదో తెలియని దాని కోసమే మనిషి ఎక్కువసార్లు చెయ్యి చాస్తాడని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో చెప్పింది. లాటరీ టికెట్ కొనేవాళ్లు మానలేకపోయేది ఇందుకే. మీ వేలు కూడా అలాగే అలవాటు పడింది.

ఫోన్ మొత్తానికి మానేయమని నేను చెప్పను. మీరు చివర్లో రాసిన ఆ తెలుగు మాట నన్ను చాలాసేపు పట్టుకుంది. మీది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన అక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. వెళ్లలేని కుటుంబాలు అక్కడే ఉండి బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు అన్నట్టు నెట్టుకొచ్చాయి. అలాంటి ఇంటి ఆడపడుచు కథ చదువుకోవాలన్నా, అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడాలన్నా ఈ రోజు ఆధారం ఆ ఫోనే. దాన్ని లాక్కుంటే మీరు మరింత ఒంటరి అవుతారు. నాలుగు రోజులకే యాప్‌లు మళ్లీ వేసుకున్నారంటే, చెడుతో పాటు మీకు అవసరమైనది కూడా పోయింది కాబట్టే అని నా నమ్మకం.

కాబట్టి ఓ వారం రోజులు ఒక పని చేయండి. ఫోన్ పక్కన పెట్టిన ప్రతిసారీ, ఇప్పుడు నాకు ఎలా ఉందని ఒక్క మాట పాత క్యాలెండర్ వెనక రాయండి. ‘అమ్మతో మాట్లాడాను, బాగుంది.’ ‘కథ చదివాను, బాగుంది.’ ‘స్టేటస్‌లు చూశాను, గుండె బరువు.’ వారం తిరిగేసరికి ఏవి ఉంచుకోవాలో, ఏవి తగ్గించాలో మీ చేతిరాతే చెబుతుంది.

ఆ వారం అయ్యేదాకా ఆగకుండా రెండు మార్పులు మాత్రం ఈ రోజే చేయండి. మీ తోటికోడలి స్టేటస్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ‘మ్యూట్’ అని వస్తుంది. అది నొక్కండి. ఆ సంగతి ఆమెకు తెలియదు, చుట్టరికానికి ఏ లోటూ రాదు. రెండోది, వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి, చదివినట్టు చూపే నీలం టిక్కులను ఆపేయండి. అప్పుడు మీ స్టేటస్ ఎవరు చూశారో మీకు కనపడదు. లెక్కపెట్టడానికి లెక్కే ఉండదు. మొదటి మూడు రోజులు చేతులు కట్టేసినట్టు ఉంటుంది, ఓర్చుకోండి.

మిగిలిన వాటికి కొంత సమయం పెట్టుకోండి. 2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 143 మంది విద్యార్థులతో ఒక పరిశీలన చేశారు. కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటి రోజుకు 10 నిమిషాలే చూడమన్నారు, మిగిలినవాళ్లను మామూలుగా వాడుకోమన్నారు. మూడు వారాలకు, తగ్గించినవాళ్లలో ఒంటరితనమూ దిగులూ తగ్గాయి. వాళ్లెవరూ పూర్తిగా మానేయలేదు, అది గమనించండి. మీరు అరగంటతోనే మొదలుపెట్టక్కర్లేదు. మధ్యాహ్నం ఒక గంట అని పెట్టుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ అని ఉంటుంది, అందులో ఒక్కో యాప్‌కి టైమ్ పెట్టవచ్చు. రాత్రి పది తర్వాత ఛార్జర్‌ని హాల్లో పెట్టి, ఫోన్ అక్కడే వదిలేయండి. పొద్దున లేవడానికి ఓ అలారం గడియారం కొనుక్కోండి. అన్నిటికంటే కష్టమైనది ఇదే. సరిగ్గా ఆ సమయానికే మీకు రోజంతటిలో కాస్త ఏకాంతం దొరుకుతుంది, దాన్ని వదులుకోబుద్ధి కాదు. అందుకే ఆ సమయాన్ని ఖాళీగా ఉంచకండి. పాతపట్నం మీకు పక్కనే కదా, ఆంధ్రా వైపు వెళ్లినప్పుడల్లా ఒక తెలుగు వారపత్రికో పుస్తకమో తెచ్చుకుని మంచం పక్కన పెట్టుకోండి.

మీ వారితో ఒక మాట. ఈ జవాబు ఆయనకు చూపించండి. ఫోన్ పగలగొడతానంటే ఆమె మానదండీ, దాచుకుని చూస్తుంది. అప్పుడు మీకు తెలిసేది ఇంకా తక్కువ. షాపు మూసి వచ్చాక మీ ఫోన్ కూడా హాల్లో ఆమె ఫోన్ పక్కనే పెట్టండి. భోజనాలయ్యాక ఇద్దరూ ఓ పావుగంట వీధి చివరి దాకా నడిచి రండి. ఆమెకు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌తో తప్ప మాట్లాడే మనిషి ఎందుకు లేకపోయారో మీరూ ఆలోచించాలి.

అమ్మాయి విషయంలో ముందుగా ఉపన్యాసం ఇవ్వకండి. ‘నేనూ మానలేకపోతున్నాను, నాతో పాటు నువ్వూ ప్రయత్నిస్తావా’ అని అడగండి. ఆ వయసు పిల్లలు నీతులు వినరు, సాయం అడిగితే కాదనరు. తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పుట్టిన తేదీ సరిగా ఉందో లేదో చూడండి. చాలామంది పిల్లలు వయసు పెంచి ఖాతా తెరుస్తారు. నిజమైన వయసు ఉంటే అది టీనేజర్ల ఖాతాగా మారుతుంది. తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు రావు, పదహారేళ్లు నిండే దాకా ఆ కట్టుబాట్లు సడలించాలంటే మీ అనుమతి కావాలి. తనకు తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రాకపోతే, మీరు తెచ్చుకున్న పత్రికలోంచి రోజుకో పేజీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. బదులుగా మీ ఫోన్‌లో ఆ టైమర్ ఎలా పెట్టాలో తననే నేర్పమనండి.

ఓ నెల ఇలా చేశాక కూడా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా ఆలస్యం చేయకుండా టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగాలేనివాళ్లకు సలహా ఇవ్వడానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడే అవకాశం ఉంది. టెన్షన్ పడక్కర్లేదు, ఫోన్ చేసినంత మాత్రాన ఎవరూ పిచ్చి అనరు.

ఇప్పుడు మళ్లీ విశాఖకు. ఆదివారం పన్నెండు గంటలప్పుడు, వాళ్ల వంట అయ్యే వేళకు, మీ తోటికోడలికి మామూలు కాల్ చేయండి. మెసేజ్ వద్దు, వీడియో కూడా వద్దు. కొత్త ఇంట్లో గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయో, నీళ్లు బాగా వస్తున్నాయో లేదో అడగండి. ఆమె మాట కలిపాక, కోపం లేకుండా అడిగేయండి: ‘గృహప్రవేశం నాడు నాది ఒక్క ఫోటో కూడా లేదు, నాకు కష్టంగా అనిపించింది. మనిద్దరం కలిసి ఉన్నది ఏదైనా ఉంటే పంపుతావా?’ ఆమె ఏమంటుందో నేను చెప్పలేను. ఏమన్నా సరే, ఆమె గొంతులో వినండి. వచ్చే నెల మీరు మళ్లీ ఉత్తరం రాస్తే, ఆమె ఏమందో అందులో తప్పకుండా రాయండి.