అశ్వగంధ కషాయం కోసం కీమో మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాయగడ. అమ్మకు రొమ్ము క్యాన్సర్. విశాఖలో కీమో నడుస్తోంది, ఇంకా రెండు మిగిలాయి. నీరసంతో రైలెక్కలేనంటోంది. జపాన్‌లో మన ఇండియా సైంటిస్టులు అశ్వగంధ ఆకుతో క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయని కనిపెట్టారని మామయ్య ఫోన్‌లో వీడియో చూపించాడు. ఆయన పెరట్లో ఆ మొక్క ఉంది. కీమో మానేసి కషాయం పట్టిద్దామంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పరిశోధన నిజమేనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, కీమో ఆపకండి. ఆ రెండూ పూర్తి చేయించండి. కషాయం ఇవ్వకండి.

పరిశోధన మాత్రం నిజమే, కాబట్టి మామయ్యను తప్పుబట్టకండి. టోక్యోకు దగ్గర్లో సుకుబా అనే ఊరుంది. అక్కడి ఏఐఎస్‌టీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో రేణు వాధ్వా, సునీల్ కౌల్ అనే మన శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు ఈ పని చేశారు. కణాలు ముసలివి కావడానికి, క్యాన్సర్‌గా మారడానికి సంబంధమున్న మోర్టలిన్ అనే ప్రోటీన్ మీద రేణు గారి పని 1990ల మొదట్లోనే బయటికొచ్చింది. మన ఒంట్లో పి53 అనే ఇంకో ప్రోటీన్ ఉంది. పాడైన కణం పెరగకుండా అది ఆపుతుంది. క్యాన్సర్ కణంలో మోర్టలిన్ ఈ పి53ను పట్టేసుకుని, కేంద్రకంలోకి వెళ్లనివ్వదు. అశ్వగంధ ఆకులోని విథనోన్ అనే పదార్థం ఆ పట్టు విడిపిస్తుందని వీళ్లు చూపించారు. ఆకు సారం క్యాన్సర్ కణాలను చంపి, మామూలు కణాలను చాలావరకు వదిలేసిందని 2007లో ప్రచురించారు. 2013లో మన బయోటెక్నాలజీ శాఖ, ఏఐఎస్‌టీ కలిసి సుకుబాలో ఉమ్మడి ల్యాబ్ కూడా పెట్టాయి. ఈ పని గురించి చదివిన ప్రతిసారీ నాకు గర్వంగానే ఉంటుంది.

కానీ ఆ ఫలితాలు వచ్చింది గాజు పాత్రల్లో పెంచిన కణాల్లో, ఎలుకల్లో. మీ అమ్మ లాంటి రోగికి కీమో బదులు ఆకు ఇచ్చి నయం చేశామని వాళ్లు ఎక్కడా అనలేదు.

కషాయం సంగతి ఇంకా చిక్కు. ఆకులో విథనోన్‌తో పాటు విథాఫెరిన్ ఎ అని ఇంకొకటి ఉంటుంది. అది క్యాన్సర్ కణాలతో పాటు మంచి కణాలనూ దెబ్బతీస్తుందని ఆ ల్యాబ్ వాళ్లే రాశారు. మామయ్య పెరట్లోని ఆకులో ఏది ఎంతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఇవి నీళ్లలో సరిగా కరగవు. అందుకే వాళ్లు సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర జాతి పదార్థం కలిపి సారం తీసే పద్ధతిని తయారు చేసుకున్నారు. పొయ్యి మీద మరిగించిన గిన్నెలో దిగేది ఆ మందు కాదు. ఆకులు వాడొద్దని 2021లో మన ఆయుష్ శాఖే మందుల కంపెనీలకు చెప్పింది. సంప్రదాయంగా మందుకు వాడేది ఆకు కాదు, ఆ మొక్క వేరును. అదీ ఇప్పుడు మీ ఇష్టానికి వాడకండి. అశ్వగంధ వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిని కామెర్లు వచ్చిన కేసులున్నాయి. కీమో మందుల్లో చాలావాటిని ఒంట్లోంచి పంపించేది కూడా ఆ లివరే. మలేసియాలో 100 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. అందులో కొందరికి వేరు సారం ఇస్తే నీరసం తగ్గింది. అదైనా కీమోతో పాటు, డాక్టర్ల కళ్లముందు ఇచ్చిందే.

బరంపురంలో మెడికల్ విద్యార్థులకు మందుల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యాను. గుణుపురం వైపు నుంచి ఒకావిడ వచ్చేది. మంచి చదువున్న కుటుంబం. కీమో మధ్యలో మానేసి పసరు తాగింది. తిరిగొచ్చేసరికి గడ్డ చర్మం చీల్చుకుని బయటికొచ్చేసింది. మొదట్లో ఆవిడది నయమయ్యే దశే. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మ నీరసం చిన్న విషయం కాదు. రక్తం తగ్గి ఉండొచ్చు. విశాఖ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి, రక్తపరీక్ష చూసి మందో, డోసో మారుస్తారు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే మాత్రం విశాఖ రైలు కోసం ఆగొద్దు. అర్ధరాత్రయినా రాయగడ జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి, కీమో నడుస్తోందని ముందే చెప్పండి. మామయ్యను ఈసారి విశాఖకు తోడు తీసుకెళ్లండి. ఆ వీడియో ఆయన్నే డాక్టరుకు చూపించమనండి.

ప్రశ్న: బరంపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. నాన్నది పర్లాకిమిడిలో చిన్న కిరాణా కొట్టు. జపాన్‌లో ఇలాంటి పరిశోధన చేయాలని ఉంది. డబ్బు లేకుండా కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది బాబూ. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, విమాన టికెట్టు, నెలనెలా ఖర్చులకు డబ్బు వాళ్లే ఇస్తారు. రాయబార కార్యాలయం ద్వారా ఒక దారి, అక్కడి విశ్వవిద్యాలయం ద్వారా ఇంకో దారి. ఒకినావా దీవిలో ఉన్న ఓఐఎస్‌టీ అనే పరిశోధన విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ అంతా ఇంగ్లిష్‌లోనే, దానికీ ఖర్చులు వాళ్లే భరిస్తారు. ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకు. కణాలు పెంచే పని ఇక్కడే చేతికి అలవాటు చేసుకో. ప్రాజెక్టు అంటే సర్టిఫికెట్ తెచ్చుకోవడం అనుకోకు. నచ్చిన ప్రొఫెసర్ పేపర్లు రెండు పూర్తిగా చదివి, అందులో నీకు వచ్చిన ఒక సందేహంతో ఉత్తరం మొదలుపెట్టు. ‘గౌరవనీయులైన సార్’ అంటూ అందరికీ ఒకటే పంపితే ఎవరూ చదవరు.