మోటర్ ఎప్పుడు వేస్తే నయం? (మీరడిగారు, మేం చెప్తాం)

హనుమకొండ నుంచి ఒక అక్క: స్మార్ట్ మీటర్ పెట్టినంక సాయంత్రం కరెంటుకు ఎక్కువ రేటు, పగలు తక్కువ రేటు పడుతుందంటున్నారు. మాకు సోలార్ లేదు. పొద్దున్నే మోటర్, గీజర్ నడుస్తాయి. అన్నీ మధ్యాహ్నానికి మార్చుకోవాలా?

అంత టెన్షన్ వద్దక్కా. మన దగ్గర ఇంటి మీటర్లకు ఇప్పటికీ స్లాబుల లెక్కే. మీరు విన్నది కేంద్రం 2023 జూన్‌లో తెచ్చిన నియమాల గురించి: ఎండ ఉండే ఎనిమిది గంటలు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో (అంటే అందరూ ఎక్కువ కరెంటు వాడే సమయంలో) ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ, అదీ స్మార్ట్ మీటర్ పెట్టిన తర్వాతే. ఎందుకంటారా, మధ్యాహ్నం సోలార్ కరెంటు దండిగా వస్తది, మన రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీదే 100 మెగావాట్ల ప్యానెళ్లు తేలుతున్నాయి. పొద్దుగూకగానే అవి పడుకుంటాయి, సరిగ్గా అప్పుడే మనమంతా లైట్లు, కూలర్లు, టీవీలు వేస్తాం, ఆ లోటు పూడ్చడానికి బొగ్గు ప్లాంట్లను ఉరికించాలి.

ఇక మీ గీజర్ సంగతి. రెండు కిలోవాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్. యూనిట్ 5.10 రూపాయలనుకుంటే పగలు 4.08, పీక్‌లో 5.61 అవుతుంది, తేడా 1.53. మీ పొద్దుటి గంటలు కూడా పీక్‌లోకే వచ్చాయనుకున్నా, రోజూ ఆ ఒక్క యూనిట్ మార్చితే మిగిలేది నెలకు 46 రూపాయలు. దానికోసం పిల్లలకు మిట్టమధ్యాహ్నం స్నానం చేయిస్తారా? ట్యాంకు నింపే మోటర్, వాషింగ్ మెషిన్ మాత్రం ఎప్పుడు నడిచినా అడిగేవాళ్లు లేరు, రేట్లు మారిన రోజు వాటిని మార్చండి, చాలు.

అంతకంటే ముందు చూసుకోవాల్సింది 200 గీత. 2022-23లో ఖరారైన స్లాబుల ప్రకారం నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలితే కరెంటు చార్జి 820 రూపాయలు. 201 అయితే 1,027 రూపాయల 70 పైసలు! గీత దాటగానే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది మరి. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల దెబ్బ, ఏ పీక్ రేటూ ఇంత కొట్టదు.

కరీంనగర్ నుంచి ఒక సారు: 78 వేల సబ్సిడీ వచ్చింది, మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాం. పగలు ఇద్దరం డ్యూటీలోనే. టైమును బట్టి రేట్లొస్తే మాకు లాభమా, నష్టమా? బ్యాటరీ కొనమంటున్నారు.

పగటి రేటు తగ్గడం వల్ల మీకు ఒరిగేది తక్కువే సార్, ఎండ ఉన్నప్పుడు మీరు కొనేదే లేదు కదా. మీరు చూడాల్సింది నెట్ మీటర్ (లైన్‌కు ఇచ్చింది, తీసుకున్నది రెండూ లెక్కపెట్టే మీటర్) లెక్క. యూనిట్‌కు యూనిట్ కొట్టేస్తే మధ్యాహ్నం లైన్‌కు ఇచ్చిందీ, రాత్రి తీసుకున్నదీ సమానం, మీకే ఇబ్బందీ లేదు. గంటల వారీగా కడితేనే తిరకాసు. పై లెక్కనే పట్టుకుంటే మధ్యాహ్నం 100 యూనిట్లు ఇచ్చి 408 రూపాయలు జమ, పీక్‌లో అవే 100 యూనిట్లకు 561 ఖర్చు. మీ మీటర్‌కు ఏ లెక్క వర్తిస్తుందో రేట్లు వచ్చిన రోజు ఆఫీసులో ముందు అదే అడగండి.

బ్యాటరీ అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు: రోజూ ఐదు యూనిట్లు దాచి పీక్‌లో వాడుకున్నా 1.53 చొప్పున 7.65 మిగులుతాయి, ఏడాదికి 2,792 రూపాయలు. నింపి తీయడంలో పోయేది ఇంకా కలపలేదు. వాళ్లు చెప్పిన ధరను దీంతో భాగించండి, ఎన్నేళ్లకు తిరిగొస్తదో తేలుతుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరగాలంటే అది వేరే సంగతి, అప్పుడు కొనుక్కోండి.

మంచిర్యాల నుంచి ఒక తమ్ముడు: మాకు గృహజ్యోతి జీరో బిల్లు వస్తది. మాకూ పీక్ గంటలు చూసుకోవాలా?

సున్నాలో 20 శాతం తగ్గిస్తే ఏమొస్తది తమ్మీ? నీకు గడియారం కాదు, మీటర్ ముఖ్యం, జీరో బిల్లు నెలకు 200 యూనిట్ల దాకే కదా. మే నెలలో కూలర్ రాత్రంతా తిరుగుతది, నెల సగంలో ఒకసారి రీడింగ్ చూసి రాసిపెట్టుకో, అప్పటికే వాడకం 100 యూనిట్లు దాటితే అమ్మకు చెప్పు.