పెంపుడు ఎలుకలకు దాక్కునే గూడు కొనాలా, చేసుకోవాలా?

కొత్తగా తెచ్చిన రెండు ఎలుకలు నాలుగు రోజులుగా బోను మూల నుంచి కదలట్లేదని, కొన్న ఒక్క చెక్క ఇంటి కోసం కొట్టుకుంటున్నాయని, అది అప్పుడే వాసన కొడుతోందని రాశారు కదండీ. మా ఇంట్లో జంతిక, బూంది అని ఇద్దరు అన్నదమ్ములున్నారు. నేనూ మొదట అలాంటి చెక్క ఇల్లే కొన్నాను. బొమ్మరిల్లులా ముద్దుగా ఉండేది. మూడు వారాల్లో మూత్రమంతా పీల్చేసుకుంది, కడిగినా ఆ ఘాటు పోలేదు. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఎలుకల ఊపిరితిత్తులకు అస్సలు మంచిది కాదు, అసలే వాటికి శ్వాస జబ్బులు ఎక్కువ.

కొట్లాటకు మాత్రం కారణం చెక్క కాదు, ఒకటే తలుపు ఉండటం. ఇది నాకు కుండతో తెలిసొచ్చింది. చిన్న మట్టికుండను పక్కకు పడుకోబెట్టాను. బూంది లోపలికి దూరాడు, జంతిక మూతి దగ్గర అడ్డంగా కూర్చున్నాడు. వాడు ముక్కు బయట పెట్టడం, వీడు మీదికి పోవడం, కీచుమంటూ మళ్ళీ లోపలికి. చివరికి కుండ ఎత్తి చూస్తే బూంది చెవి అంచున రక్తం. మర్నాడు ఆ కుండను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తెలిసిన ప్లంబర్‌ని బతిమాలి వెనకవైపు ఇంకో కంత కోయించాను. వేలు తిప్పితే గీసుకోనంత నున్నగా అయ్యేదాకా అంచును ఎమరీ పేపర్‌తో రుద్దాను. కంత 8 సెంటీమీటర్లు ఉంటే పెద్ద మగ ఎలుకకు కూడా సరిపోతుంది. టిష్యూ రోల్ గొట్టాలు పిల్లలకు సరే, పెద్దవి ఇరుక్కుపోతాయి.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది 4 అంగుళాల పీవీసీ టీ జాయింట్, అంటే ఇంగ్లీషు T ఆకారంలో ఉండే పైపు ముక్క. రాణిగంజ్‌లో ఒక పైపుల షాపులో అడిగితే "డ్రైనేజీకా?" అన్నాడు. ఎలుకలకి అన్నాను. "మందు పక్క షాపులో దొరుకుతుంది" అన్నాడు! మూడు వైపులా దారి ఉంటుంది కాబట్టి ఎవడూ ఎవణ్ణీ బంధించలేడు, కుళాయి కింద పెడితే నిమిషంలో శుభ్రమవుతుంది.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే షూ పెట్టె చాలు. టేపు, పిన్నులు పీకేసి రెండు తలుపులు కోయండి. కొరికి పడేస్తాయి, పడేయనివ్వండి, వారానికొకటి మార్చండి. లోపల పరుపుగా తెల్ల టిష్యూ చింపి వేయండి. దూది మాత్రం వద్దు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. టవల్ కూడా వద్దు, గోళ్లు తగులుకుంటాయి. ఊయల కట్టాలంటే పాత ఫ్లీస్ దుప్పటి ముక్క బాగుంటుంది.

కుండను పారేయలేదు, ఎండాకాలానికి దాచుకున్నాను. ఎలుకలకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోవడానికి తోక బాగా సాయపడుతుంది. మే నెలలో మన హైదరాబాద్ 40 డిగ్రీలు దాటినప్పుడు, తడిపిన కుండలోంచి ఇద్దరూ సాయంత్రం దాకా బయటికి రారు. అదీ మూత్రం పీలుస్తుంది కాబట్టి తరచూ నానబెట్టి ఎండబెడుతుంటాను.

ఎన్ని ఎలుకలుంటే అంతకంటే ఒక గూడు ఎక్కువ పెట్టండి, అంటే మీకు మూడు. అన్నీ ఒకేరోజు కడగొద్దు, వాటి సొంత వాసన ఒక్కదానిలోనైనా మిగలాలి. లోపలున్నదాన్ని చెయ్యి పెట్టి లాగొద్దు. నేను లాగాను, బొటనవేలికి ఇంకా మచ్చ ఉంది.

నాలుగు రోజులకే టెన్షన్ పడకండి. బోనుకు మూడు వైపులా గుడ్డ కప్పి, రాత్రి లైటు తగ్గించి, స్పూన్ అంచున కాస్త పెరుగు పెట్టి కదలకుండా కూర్చోండి. మా బూంది ఆరో రోజు రాత్రి ఆ చెక్క ఇంట్లోంచి సగం బయటికి వచ్చి స్పూన్ నాకాడు, వెనక కాళ్లు మాత్రం గుమ్మం లోపలే ఉంచుకుని.