ప్లగ్ మరలు పోతే హెడ్డే మార్చాలా?

ప్రశ్న: నాది పాత స్ప్లెండర్. సర్వీసింగ్ చేయించినప్పటి నుంచి ప్లగ్ దగ్గర చుస్ చుస్‌మని శబ్దం వస్తోంది, పికప్ కూడా తగ్గింది. ప్లగ్ విప్పితే దాని మరల్లో అల్యూమినియం తీగలా చుట్టుకుని వచ్చింది. మళ్ళీ బిగిద్దామంటే పట్టడం లేదు, ఊరికే తిరుగుతోంది. ఒక మెకానిక్ హెడ్డే (ప్లగ్ బిగించే ఇంజన్ పైభాగం) మార్చాలంటాడు, ఇంకొకాయన టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే చాలంటాడు. ఎవరి మాట వినమంటారు?
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఇద్దరి మాటా వద్దండీ. ముందు బండి నడపడం ఆపేయండి, పట్టులేని ప్లగ్ కంప్రెషన్‌కి ఎగిరి బయటపడే ప్రమాదం ఉంది. టేపు, ఎంసీల్ లాంటివి ఆ వేడికి నిలవవు, పైగా ప్లగ్ వేడి హెడ్‌లోకి దిగేదే ఆ మరల మీదుగా, దానికి అవి అడ్డం.

మీ బండి ప్లగ్ 10 మిల్లీమీటర్లది. ప్లగ్ ఉక్కు, హెడ్ అల్యూమినియం, కాబట్టి వంకరగా ఎక్కించి పానాతో బలంగా తిప్పితే అరిగేది హెడ్డే. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్ విప్పినా ఇదే జరగొచ్చు.

దీనికి సరైన మందు స్టీల్ ఇన్సర్ట్. హెలికాయిల్ అని అడిగితే లేత్ షాపుల్లో చాలామందికి తెలుస్తుంది. పాడైన మరల్ని కొంచెం పెద్ద ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) తీసేసి, అందులో స్టెయిన్‌లెస్ స్టీల్ తీగతో చేసిన స్ప్రింగులాంటి చుట్టను కొత్త మరలాగా ఎక్కిస్తారు, లోపల మళ్ళీ అదే 10 మిల్లీమీటర్ల ప్లగ్ పడుతుంది. సరిగ్గా చేస్తే పాత అల్యూమినియం మర కంటే ఇదే గట్టిది. "పెద్ద ట్యాప్ కొట్టి 14 ప్లగ్ వేసేద్దాం" అంటే మాత్రం ఒప్పుకోకండి, చిన్న ఇంజన్‌లో ప్లగ్ రంధ్రానికీ వాల్వు సీటుకీ (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోటు) మధ్య ఉండే లోహమే తక్కువ, అక్కడ పగులు వచ్చిందంటే అప్పుడు నిజంగానే హెడ్ పోతుంది.

హెడ్ విప్పించే ఈ పని చేయించండి. ట్యాప్‌కి గ్రీజు రాసి బండి మీదే కొట్టేస్తామంటారు, గ్రీజు చాలావరకు రజను పట్టుకుంటుంది నిజమే, కానీ మిగిలిన కాస్త రజను సిలిండర్‌లో పడితే బోర్ (సిలిండర్ లోపలి గోడ) గీతలు పడుతుంది. ఇన్సర్ట్ అడుగున ఉండే చిన్న ముక్కని విరిచి తీయాలి, అదీ లోపల పడకూడదు. హెడ్ టేబుల్ మీద ఉంటే ఈ టెన్షనే ఉండదు. తిరిగి కట్టేటప్పుడు హెడ్ గాస్కెట్ కొత్తది వేయించి, టైమింగ్ చైన్ గుర్తులు కలిశాయో లేదో చూడమనండి.

షాపు నుంచి తెచ్చుకునే ముందు హెడ్ చేతిలోకి తీసుకుని చూడండి. ఇన్సర్ట్ పై అంచు ప్లగ్ వాషర్ కూర్చునే చోటు కంటే రవ్వంత కిందికి ఉండాలి, పైకి తేలితే వాషర్ కూర్చోక మళ్ళీ లీకే. లోపలివైపు కూడా పొడుచుకు రాకూడదు, ఆ కొస ఎర్రగా కాలి పెట్రోల్‌ని ముందే అంటిస్తుంది.

ఇకపై ప్లగ్ మీరే వేసుకున్నా, ఎవరితో వేయించినా, చల్లారిన ఇంజన్ మీద మొదట వేళ్ళతోనే చివరిదాకా తిప్పాలి. ఎక్కడైనా బిగుసుకుంటే వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించాలి. వాషర్ తాకాక కొత్త ప్లగ్ అయితే పానాతో అర చుట్టు, పాతదైతే గడియారంలో ఒక గంట జరిగినంత, అంతే. బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్ ఉంటే 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. బిగించాక ప్లగ్ చుట్టూ సబ్బునీళ్ళు పోసి కిక్ కొట్టి చూడండి, బుడగలు వస్తే బండి తీసుకోకుండా మళ్ళీ విప్పించండి.